దొంగ కుంచములు

పూర్వము మన పల్లెలలో కొందరు ధాన్యపు వర్తకుల యొద్ద రెండు కుంచములుండెడివని పెద్దలు చెప్పుదురు. రైతు యొద్ద గింజలు కొలిచి పుచ్చుకొనునప్పుడొకటి, కూలివానికి కొలిచి యిచ్చునప్పుడు వేరొకటి. చూచుటకు రెండును ఒక్క తీరుననే యుండును. పైని ఇత్తడి కట్టు, ప్రక్కను ముద్ర, అన్నియు సమానమే. భేదమంతయు అడుగున నుండును. ఇట్టి వర్తకుడు పట్టుబడిన దినమున ఊరివారు వానిని రచ్చబండ యొద్దకు పిలిచి పదిమందిలో నిలువబెట్టి యడిగెడివారు. గింజల విషయమున నింత మెలకువ గలిగిన జాతి, తన బిడ్డల చదువును ఎవరు, ఏ కుంచముతో కొలుచుచున్నారో యొకనాడైన నడుగకుండుట వింతగా లేదా?

ప్రతి వేసవియందును పదవ తరగతి ఫలితములు వెలువడును. మరునాటి యుదయమునకు పత్రికల నిండ పిల్లల ముఖములు, కూడళ్ల నిండ ఫ్లెక్సీలు. మాది నూటికి నూరని యొక పాఠశాల, మండలమునకు మొదటివారము మేమేయని మరియొక పాఠశాల చాటించును. సంఖ్య తగ్గిన పాఠశాలల ప్రధానోపాధ్యాయులు అధికారుల యెదుట తలవంచుకొని సంజాయిషీ చెప్పుకొందురు. తండ్రులు బిడ్డలను బండిమీద నెక్కించుకొని సంఖ్య హెచ్చుగానున్న చోటికి పరుగెత్తుదురు. అప్పు చేసియైనను ఫీజు కట్టుదురు. ఇంతమంది రాకపోకలకును, ఇంత ధనమునకును, ఇన్ని కన్నీళ్లకును మూలము ఉత్తీర్ణతా శాతమను నొక్క సంఖ్య. దాని యడుగు చూచినవారు మాత్రము కానరారు.

ఈ వ్యాసమున నేను చెప్పదలచినది యొక్కటే. ఉత్తీర్ణతా శాతము పాఠశాల చేసిన పనిని కొలువదు. పాఠశాలలో చేరిన బిడ్డల పూర్వస్థితి, ఆ యేటి పరీక్ష తీరు, లెక్కకు రాకుండ తొలగింపబడిన బిడ్డల సంఖ్య, ఈ మూడును బోధనతో కలగలిసిన ముద్దను అది కొలుచును. బోధనను మాత్రము తూచవలెనన్నచో, బిడ్డ యెక్కడ బయలుదేరెను, ఎక్కడికి చేరెను అను రెండు మాటలు తెలిసి తీరవలెను. మొదటి మాట విడిచి రెండవ మాట మాత్రము చెప్పువాడు, పాతనిల్వ చూపక నేటి నిల్వ మాత్రము చూపి, ఇదంతయు నా యార్జనయేయని చెప్పు గుమాస్తా వంటివాడు. అట్టి గుమాస్తాను మనమొక్క దినమైనను కొలువునందుంచుకొనము గదా!

మొదట గీత సంగతి చూతము. ఒక్కొక్క విషయమున నూటికి 35 మార్కులు, హిందీ భాషకు 20, వచ్చినవాడు ఉత్తీర్ణుడు. ఒక్క మార్కు తగ్గినవాడు కాడు. గీత యెక్కడనో యొకచోట నుండవలసినదే. దానిని నేను తప్పు పట్టను. కాని బిడ్డకై గీచిన గీతను పాఠశాలకు కొలబద్దగా మార్చినప్పుడేమగునో యాలోచింపుడు. పది మార్కులు తెచ్చుకొను బాలుని ముప్పదికి తెచ్చిన యుపాధ్యాయుడు ఆ యేడంతయు ప్రాణము పెట్టి పనిచేసియుండును. ఉత్తీర్ణతా శాతమున నతని శ్రమకు విలువ సున్న. అరువది తెచ్చుకొను బాలికను ఎనుబదియైదునకు తెచ్చిన వాని శ్రమకును సున్నయే. ముప్పదిమూడు తెచ్చుకొను బాలునిచేత నాలుగు ప్రశ్నలు వల్లె వేయించి ముప్పదియైదునకు దాటించినవానికి మాత్రము పూర్ణఫలము. ఉపాధ్యాయుడును మనుష్యుడే. పైవారు తన్ను దేనితో కొలుతురో దానినే యతడు పెంచును. గీత దాపున నున్న పదిమందిని ముందుబల్లపై కూర్చుండబెట్టుకొని, క్రిందివారిని వీరివలన కాదనియు, పైవారిని వీరికి మనతో పనిలేదనియు విడిచిపెట్టును. తరగతిలో నలుబదిమంది యున్నను ఆ యేడు చదువు చెప్పబడునది పదిమందికే.

రెండవది, లెక్కలో నున్నవారెవరు, లేనివారెవరు అను సంగతి. ఇందు నా తప్పును చెప్పుకొనక తప్పదు. కొన్ని సంవత్సరముల క్రిందట నేనొక పట్టణమున నొక పాఠశాల నిర్వాహక సంఘమున సభ్యుడనుగా నుంటిని. తొమ్మిదవ తరగతి పరీక్షలు ముగిసిన పిమ్మట ప్రధానోపాధ్యాయుడు మా యెదుట నొక పట్టిక పెట్టెను. అందు తొమ్మిదిమంది పేర్లుండెను. వీరిని పదవ తరగతికి పంపినచో ఫలితము చెడును గాన, తలిదండ్రులను పిలిచి బదిలీ పత్రములిచ్చి వేరొక పాఠశాల చూచుకొమ్మని చెప్పుట మేలని యాయన మాట. కాఫీలు వచ్చినవి. ఎవరును ప్రశ్న వేయలేదు. పట్టిక చేతులు మారి నా యొద్దకు వచ్చినది. నేనును సంతకము చేసితిని.

ఆ తొమ్మిదిమందిలో నొకతె, మా వీధి మలుపున బట్టలు ఇస్త్రీ చేయు నామె కూతురు. ఆ పిల్ల ఆరవ తరగతిలో చేరిన నాటికి గుణింతము రాదు. తొమ్మిదవ తరగతి నాటికి ప్రతిదినము సాయంకాలము బండి ప్రక్కను నిలువబడి తల్లికి వార్తాపత్రిక చదివి వినిపించుచుండెను. లెక్కలలో మాత్రము వెనుకబడియే యున్నది. బదిలీ పత్రము చేతికి వచ్చిన సాయంకాలము ఆ తల్లి నన్ను వీధిలో నాపి, "బాబూ, పిల్ల చదువుతానే ఉంది గదా, మరి ఎందుకు పొమ్మంటున్నారు?" అని యడిగెను. నా యొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. మరుసటి సంవత్సరము మా పాఠశాల నూటికి నూరు సాధించినది. కూడలిలో ఫ్లెక్సీ వెలసినది. ఆ నూరు నిజమే, గాని అది నూరుమందిలో నూరు కాదు. తొమ్మిదిమందిని గుమ్మము వెలుపల నిలిపి లోపల మిగిలినవారిని లెక్కించిన నూరు. గుణింతమునుండి వార్తాపత్రికకు చేరిన బిడ్డ, ఆ పాఠశాల చేసిన పనులలో నుత్తమమైనది. ఆ యుత్తమ కార్యమునే మేము నష్టముగా నెంచి కొట్టివైచితిమి. ఏలయన, మా చేతనున్న కుంచమున దానికి చోటు లేదు.

ఇది వెళ్లగొట్టు దారి. ఏరి తెచ్చుకొను దారి మరియొకటి కలదు. ఆరవ తరగతికో, ఎనిమిదవ తరగతికో ప్రవేశ పరీక్ష పెట్టి, ఇదివరకే చక్కగా చదువు బిడ్డలను ఏరుకొని, అయిదేండ్ల తరువాత వారు చక్కగా చదువుచున్నారని డప్పు వేయుట. గట్టి విత్తనములను ఏరి గాదెలో పోసికొనినవాడు, ఈ గింజలు గట్టిపడినది నా గాదె మహిమ చేతనే యనినచో నవ్వని రైతుండునా? అయినను ఆ మాటనే విద్యాసంస్థ చెప్పినప్పుడు మనము నమ్మి సొమ్ము చెల్లించుచున్నాము.

మూడవది, కుంచమే యేటేట మారుట. ఆంధ్రప్రదేశమున పదవ తరగతి ఉత్తీర్ణత 2019లో నూటికి 94.88. 2020, 2021 సంవత్సరములలో కోవిడు మహమ్మారి వలన పరీక్షలు జరుగలేదు. అందరును ఉత్తీర్ణులుగా ప్రకటింపబడిరి. 2022లో పరీక్ష మరల జరుగగా ఉత్తీర్ణత 67.26కు దిగినది. 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. ఈ సంఖ్యలు వెలువడిన ప్రతి సారియు ఒక పక్షమువారు విద్య నాశమైనదనియు, మరియొక పక్షమువారు విద్య వికసించినదనియు వాదించుకొనిరి. మూడేండ్లలో మన బిడ్డల బుద్ధి నాలుగవ వంతుకు పైగా కరగిపోయి, రెండేండ్లలో మరల ఊరినదా? ఇరుపక్షములవారును పట్టించుకొనని సంగతులు కలవు. 2019లో ప్రశ్నపత్రములు పదునొకండు, 2022లో ఏడు, 2023లో ఆరు. 2019లో నూటికి 20 మార్కులు పాఠశాలయే స్వయముగా వేయు లోపలి మార్కులు. 2022 నాటికవి తీసివేయబడినవి. అంతేగాక 2022లో పరీక్షకు కూర్చున్నవారు ఎనిమిది, తొమ్మిది తరగతుల కాలమున బడి తలుపులు మూసియుండగా నెలల తరబడి ఇంటియొద్ద నుండిన బిడ్డలు. పరీక్ష మారినది, మార్కుల కూర్పు మారినది, పరీక్ష వ్రాసినవారి పూర్వస్థితియు మారినది. ఇన్ని మారిన పిమ్మట రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కను పెట్టి హెచ్చుతగ్గులు చెప్పుట, నిరుడు సోలతోను, ఈ యేడు మానికతోను కొలిచి పంట తగ్గినదని యేడ్చుట వంటిది.

ఇరుగుపొరుగు రాష్ట్రములను పోల్చుటయు నిట్టిదే. 2025లో తెలంగాణమున ఉత్తీర్ణత 92.78. ఆంధ్రప్రదేశమున 81.14. అది చూచి యొకరు గర్వించుటయు, వేరొకరు సిగ్గుపడుటయు జరిగినది. తెలంగాణమున నాటికి నూటికి 20 లోపలి మార్కులు నిలిచియే యున్నవి, ఆంధ్రప్రదేశమున లేవు. ప్రశ్నపత్రములు వేరు, దిద్దువారు వేరు. ఎవరి బిడ్డలు మెరుగుగా చదువుచున్నారో ఈ రెండు సంఖ్యలవలన తెలియదు. తెలియనిదానిని తెలిసినట్లు చాటుట అజ్ఞానముకంటె హానికరము.

చిన్న పాఠశాలల సంగతి క్లుప్తముగా చెప్పి ముగింతును. పదిమంది మాత్రమే పదవ తరగతి చదువు పల్లెబడిలో నొక బిడ్డ జ్వరపడి తప్పినచో ఉత్తీర్ణత 90కి దిగును. రెండువందలమంది గల పట్టణపు బడిలో నొకరు తప్పినచో 99.5. జబ్బు ఒక్కటే, శిక్ష యిరువదింతలు. ఒక్క యేటి సంఖ్యను చూచి చిన్న పాఠశాలను పొగడుటయు తెగడుటయు రెండును అన్యాయమే. మూడు నాలుగేండ్ల ఫలితములను కూడిక చేసి చూచినగాని యట్టి చోట నిజము బోధపడదు.

ఈ జాడ్యము మనకు క్రొత్త కాదు. 1862లో ఇంగ్లండున రాబర్టు లో అను మంత్రి, ఫలితములను బట్టి పాఠశాలలకు ధనమిచ్చు పద్ధతి ప్రవేశపెట్టెను. బిడ్డ చదువుట, వ్రాయుట, లెక్కలు అను మూడింటిలో ఉత్తీర్ణుడైన ఒక్కొక్కదానికి 2 షిల్లింగుల 8 పెన్నీలు. ఫలితమేమి? బిడ్డలు పఠనపుస్తకమును కంఠస్థము చేసి, పుటవైపు చూడకయే పరీక్షాధికారి యెదుట అప్పగింప సాగిరి. కవియు విమర్శకుడునైన మాథ్యూ ఆర్నల్డు 1851 నుండి 1886 వరకు పాఠశాలల పర్యవేక్షకుడుగా నుండి, ఈ పద్ధతి బోధనను యంత్రప్రాయము చేయుచున్నదని తన నివేదికలలో మొఱపెట్టుకొనెను. ఆ శతాబ్దము ముగియులోపుననే దొరలు దానిని తమ దేశమున విడిచిరి. మదరాసు రాజధానిలోను, అనగా మన తెలుగు జిల్లాలలోను, ఫలితముల ననుసరించి గ్రాంటు నిచ్చు పద్ధతి అనేక సంవత్సరములు నడచి, ఇరువదవ శతాబ్దారంభమునకు తొలగినది. చట్టమునుండి తొలగినది గాని మన మనస్సులనుండి తొలగలేదు. నాడు గ్రాంటునిచ్చినది సర్కారు. నేడు ఫీజు రూపమున మనమే యిచ్చుచున్నాము.

మరి దారి యేమి? కొలుచుటయే మానవలెనని కొందరు సహృదయులు చెప్పుదురు. వారితో నేను ఏకీభవింపజాలను. కొలత లేనిచోట బలహీనుని గోడు వినువారుండరు. బడికి పోయి వచ్చుచున్నను అక్షరము రాని బిడ్డ సంగతి, కొలిచి చూచినగాని లోకమునకు తెలియదు. కావలసినది మంచి కొలత. దానికి మొదటి గురుతు, బయలుదేరిన చోటును లెక్కలోనికి తీసికొనుట.

రెండు పాఠశాలలనూహింపుడు. మొదటి దానిలో ఆరవ తరగతిలో చేరిన నలుబదిమందిలో ముప్పదిమంది ధారాళముగా చదువగలవారు. పదవ తరగతి నాటికి ముప్పదియాఱుగురు ఉత్తీర్ణులైరి. శాతము 90. రెండవ దానిలో చేరిన నలుబదిమందిలో చదువగలవారెనమండుగురే. పదవ తరగతి నాటికి ముప్పదిమంది ఉత్తీర్ణులైరి. శాతము 75. మన పత్రికలు మొదటి పాఠశాలను పొగడును, అధికారులు రెండవ దానిని మందలింతురు. కాని మీ బిడ్డకు చదువు సరిగా రాదనుకొనుడు. ఏ పాఠశాలలో చేర్పింతురు? ముప్పదిని ముప్పదియాఱు చేసిన చోటనా, ఎనిమిదిని ముప్పది చేసిన చోటనా? సమాధానము చిన్నపిల్లవాడును చెప్పగలడు. ఆ సమాధానము చెప్పుటకు వలసిన మొదటి సంఖ్యను మాత్రము మన దేశమున సామాన్యముగా నెవరును ప్రకటింపరు.

ఇది గాలిలోని మాట కాదు. మన యాంధ్రదేశముననే యిట్టి కొలతకు పరీక్ష జరిగినది. 2005లో ఆంధ్రప్రదేశమున అయిదు జిల్లాలలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను నిరువురు ఆర్థికశాస్త్రజ్ఞులు ఒక పరిశోధన ప్రారంభించిరి. సంవత్సరారంభమున బిడ్డలను పరీక్షించి, సంవత్సరాంతమున మరల పరీక్షించి, బిడ్డలు సగటున ఎంత మెరుగైరో దానిని బట్టి ఉపాధ్యాయులకు కొలదిపాటి బహుమానమిచ్చిరి. ఎన్ని మార్కులు వచ్చినవని వారడుగలేదు, ఎన్ని పెరిగినవని యడిగిరి. రెండేండ్ల పిమ్మట, బహుమానములేని పాఠశాలల బిడ్డలకంటె ఈ పాఠశాలల బిడ్డలు లెక్కలలోను భాషలోను స్పష్టముగా ముందుండిరి; బహుమానముతో సంబంధము లేని విషయములలో సైతము మెరుగుపడిరి. ఉపాధ్యాయులకు బహుమానమీయవలెనా, వద్దా యనునది వేరు చర్చ. నాకిక్కడ ముఖ్యమైనది, పేదల బిడ్డలు చదువు పల్లెబడులలో సైతము బయలుదేరిన చోటును కొలిచి, అభివృద్ధిని లెక్కించుట సాధ్యమైనదనుట.

ఇంగ్లండున 2016 నుండి ఇట్టి లెక్కయే దేశమంతటికిని ప్రకటించుచు వచ్చిరి. పదునొకండవ యేట ప్రాథమిక విద్య ముగియునప్పుడు బిడ్డ యేస్థితిలో నుండెనో చూచి, దేశమంతట అదే స్థితినుండి బయలుదేరిన బిడ్డలతో పోల్చి, పదునాఱవ యేట ఎనిమిది విషయములలో నెంత ముందుకు పోయెనో, ఎంత వెనుకబడెనో లెక్కింతురు. కోవిడు వలన 2020, 2021లో ఆ ప్రాథమిక పరీక్షలు జరుగలేదు. కావున ఆ బిడ్డలు పెద్దవారైన 2024-25, 2025-26 విద్యాసంవత్సరములకు ఈ లెక్క వేయ వీలులేదని యచటి ప్రభుత్వమే తెలిపినది. మనము నేర్వదగిన నీతి యిందున్నది. బయలుదేరిన చోటు తెలియనప్పుడు నడచిన దూరము చెప్పరాదని వారొప్పుకొనిరి. మనమో, బయలుదేరిన చోటు ఏనాడును కొలువకయే యేటేట దూరములు చాటుచున్నాము.

ఇచట నొక యాక్షేపణ వచ్చును. అది బలమైన యాక్షేపణ. "బిడ్డను వాని నిన్నటితోనే పోల్చినచో, పేదవాని బిడ్డకు కొంచెము వచ్చినను చాలునని సరిపెట్టుకొందురు గదా? ఇది జాలి పేరిట చేయు అన్యాయము కాదా?" అని. నిజమే. ఇంగ్లండులోనే 2006 నుండి కొన్ని సంవత్సరములు బిడ్డ పేదరికము మొదలగు పరిస్థితులను సైతము లెక్కలో కలిపి పాఠశాలలను తూచిరి. పేదబిడ్డలయెడ తక్కువ యాశకు అది యనుమతి పత్రమగునని పిమ్మట దానిని మానిరి. కావున ఎదుగుదల యొక్క కొలత ఒంటరిగా చాలదు. దానికి తోడుగా ఎన్నటికిని కదలని యొక నేలమట్టము కావలెను. ఏ యింట పుట్టిన బిడ్డయైనను, ఏ బడిలో చదివిన బిడ్డయైనను, ఇంత వయస్సునకు ఇంత రావలసినదేయని నిర్ణయించిన మట్టము.

అట్టి మట్టమునకు నిదర్శనము అసర్ సర్వే. 2005లో ప్రథమ్ అను సంస్థ దీనిని ప్రారంభించినది. వీరు పల్లెలలో ఇంటింటికి పోయి, బిడ్డ చేతికి కాగితమిచ్చి, రెండవ తరగతి స్థాయి పాఠము చదువుమందురు. బడిలో గాక ఇంటియొద్ద చూతురు గనుక ఎవరినైన దాచుటకు వీలు తక్కువ. ఏటేట నదే మట్టము గనుక పోల్చుటకు వీలు హెచ్చు. దేశమున పల్లెలలోని ప్రభుత్వ పాఠశాలలలో అయిదవ తరగతి చదువుచు రెండవ తరగతి పాఠము చదువగలిగిన బిడ్డలు 2018లో నూటికి 44.2. కోవిడు పిమ్మట 2022లో 38.5. 2024లో 44.8. ఈ సంఖ్యలను ప్రక్కప్రక్కను పెట్టుటకు మనకు హక్కు కలదు, ఏలయన కుంచమొక్కటే. ఇవి చెప్పునది కఠిన సత్యము. పడిన చోటికి తిరిగి లేచితిమి గాని, అయిదేండ్లు బడికి పోయిన బిడ్డలలో సగమునకు పైగా రెండేండ్ల చదువును అందుకొనలేదు. పదవ తరగతిలో నూటికి తొంబది యని పండుగ చేసికొను మనకు ఈ సంఖ్య నిద్ర పట్టనీయరాదు.

వేరొక యాక్షేపణ గృహస్థులనుండి వచ్చును. "లోకమంతయు పోటీయే. రేపు ఇంజనీరింగు సీటునకు ర్యాంకే చూతురు. ప్రక్కవానితో పోల్చక తప్పునా?" అని. సీట్లు కొలది, కోరువారు పెక్కురు అయినచోట వరుస యేర్పరచుట అవసరమే. వరుస సీట్లు పంచుటకు పుట్టినది. చదువు కొలుచుటకు పుట్టలేదు. నిరుటికంటె రెండింతలు నేర్చిన బిడ్డ, తక్కినవారు మూడింతలు నేర్చుటచే వరుసలో వెనుకకు పోవచ్చును. ఏమియు నేర్వని బిడ్డ, తక్కినవారు మరచిపోవుటచే ముందునకు రావచ్చును. జ్వరము తగ్గినదో లేదో చూచుటకు వైద్యుడు అదే రోగి నిన్నటి వేడిమిని, ఆరోగ్యవంతుని వేడిమిని చూచును గాని, ప్రక్క మంచము మీది రోగి వేడిమిని చూడడు. నిన్నటి వేడిమి బిడ్డ బయలుదేరిన చోటు. ఆరోగ్యవంతుని వేడిమి నేలమట్టము. ఈ రెండును చాలును. ప్రక్క మంచము జోలి మనకెందుకు?

ఇక మన యిండ్ల సంగతి. పాఠశాలలను మాత్రము నిందించి ఊరకుండుట న్యాయము కాదు. ఫ్లెక్సీ కట్టువాడు మనము చూచెదమనియే కట్టుచున్నాడు. మార్కుల కాగితము ఇంటికి వచ్చిన దినమున మన నోట వచ్చు మొదటి మాట యేది? "అత్తయ్యగారి అబ్బాయికెన్ని వచ్చినవి?" నలుబది నుండి యేబదియైదునకు వచ్చిన బిడ్డ గడప దాటి లోపలికి వచ్చులోపుననే ఆ మాట వాని ముఖమున తగులును. వాడు కష్టపడి సంపాదించిన పదునైదు మార్కులను మనము చూడము. ఎదురింటి బిడ్డ తొంబదిని చూతుము. ఆ బిడ్డ మరుసటి సంవత్సరము ఏల కష్టపడవలెను? అక్కచెల్లెండ్రలో నొకతెను మరియొకతెకు కొలబద్ద చేయు తల్లులు, ఆ యిద్దరి నడుమ జీవితాంతము మానని పుండు నాటుచున్నామని యెరుగరు.

చదువరులారా, ఇల్లు నడుపు మాతృమూర్తులారా, నేను పెద్ద పనిని కోరుటలేదు. మీ బిడ్డ నిరుటి నోటుపుస్తకమును పాతకాగితములవానికి వేయకుడు. ఆరు నెలలకొకసారి దానిని తీసి, నేటి పుస్తకము ప్రక్కను పెట్టి, బిడ్డను ప్రక్కను కూర్చుండబెట్టుకొని చూడుడు. మీ బిడ్డకు అంతకంటె నమ్మదగిన కుంచము ఏ కచ్చేరిలోను దొరకదు. పిమ్మట వాని తరగతికి రెండు తరగతుల క్రింది పుస్తకమొకటి తెచ్చి ఒక పుట చదివింపుడు, రెండు లెక్కలు చేయింపుడు. అది నేలమట్టము. అందు తడబడినచో మార్కుల కాగితమున నెన్ని తొంబదులున్నను మోసపోకుడు. వెంటనే ఉపాధ్యాయుని కలిసికొనుడు.

పాఠశాలలో చేర్పించునప్పుడు శాతమెంతయని యడుగుట మాని, నాలుగు ప్రశ్నలు వేయుడు. ఆరవ తరగతిలో చేరిన బిడ్డలలో పదవ తరగతి వరకు నిలిచినవారెందరు? వెళ్లిపోయినవారెందుకు వెళ్లిరి? చేరినప్పుడు చదువలేని బిడ్డలు నేడెట్లున్నారు? ఈ లెక్క యొక్క యేటిదా, నాలుగేండ్లదా? సమాధానము చెప్పగలిగిన పాఠశాల మార్కులలో రెండవదైనను, పనిలో మొదటిది. ఈ ప్రశ్నలకు కోపగించుకొను పాఠశాల యెన్ని నూరులు చూపినను, దాని యడుగు చూడక సొమ్మీయకుడు. పదిమంది తండ్రులడిగినచో సంస్థలు నవ్వును. వేయిమంది యడిగినచో లెక్కలు వ్రాయనారంభించును. ప్రభుత్వము వారికి నా మనవి యింతే. ఆరవ తరగతిలో చేరు ప్రతి బిడ్డను బడికి సంబంధములేని వారిచేత నొకసారి పరీక్షింపించి, ఆ సంఖ్యను భద్రపరచుడు. పదవ తరగతి ఫలితమును దాని ప్రక్కను ప్రకటింపుడు. నడుమ బడి విడిచిన బిడ్డను పాత బడి లెక్కలోనే యుంచుడు. ఈ యొక్క నియమముతో బదిలీ పత్రముల బేరము చాలవరకు నిలిచిపోవును.

ఆ యిస్త్రీ బండి యామె కూతురు మా పాఠశాలనుండి పోయి ప్రభుత్వ పాఠశాలలో చేరినది. మరుసటి సంవత్సరము పదవ తరగతి గట్టెక్కినది. గొప్ప మార్కులు రాలేదు, గట్టెక్కినది. ఆ దినమున తల్లి యొక పొట్లముతో మా యింటికి వచ్చి, బెల్లపు మిఠాయి నా చేతిలో పెట్టినది. నిష్ఠురముగా నొక్కమాట యనలేదు. అనియున్నచో బాగుండెడిదని నాకిప్పటికిని తోచును. గుణింతము నుండి అంతదూరము నడచిన ఆ పిల్ల నడక మా పాఠశాల గోడమీద లేదు, ఏ పత్రికలోను లేదు. నా సంతకము మాత్రము ఆ పట్టికమీద నున్నది. ఇట్టి పట్టిక మీలో నెవరి చేతికైన వచ్చినప్పుడు, కలము తీయుటకు ముందు కుంచమును తిరగవేసి దాని యడుగు చూడుడు.